ఎండ వుండగా ఫాను ఎందుకాగింది?



డాబా మీద సోలారు పలకలు పెట్టించుకున్న ఇళ్ళలో నెల తిరక్కుండానే ఒక ప్రశ్న పుడుతుంది. మగవాళ్ళ కంటే ముందు అది మనకే తడుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి ఇంట్లో వుండేది ఎక్కువగా మనమే కదా! ఎండ పేలిపోతోంది. వీధిలో కరెంటు పోయింది. పక్కింట్లో ఫాను ఆగింది, సరే. మనింట్లోనూ ఆగింది! అంత డబ్బు పోసి పెట్టించిన పలకలు పైన నిగనిగలాడుతూనే వున్నాయి. మిక్సీలో పచ్చడి మాత్రం సగంలో నిలిచిపోయింది. "ఇదేం సోలారండీ, ఎండ వుండగా పనిచెయ్యకపోవడమేమిటి? అంటగట్టి పోయారా ఏం?" అని అనుమానం రాక మానదు.

అంటగట్టిపోలేదు లెండి. ఆ ఆగడం కావాలని పెట్టిన ఏర్పాటే. దాని వెనక ఒక మనిషి ప్రాణం వుంది. ఆ ఏర్పాటు నిజంగా పనిచేస్తుందా లేదా అని, అలాంటి యంత్రాన్ని ఎక్కడో ఒక గదిలో నానా హింసలూ పెట్టి చూస్తారు. ఇవాళ ఆ పరీక్షశాలల సంగతి చెబుతాను.

ముందు కరెంటు మనింటికి వచ్చే దారి చూద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వదిలిన నీళ్ళు పెద్ద కాలవలోంచి పిల్లకాలవలోకి, అక్కణ్ణించి పంటబోదెలోకి, బోదెలోంచి చేలోకి వచ్చినట్టే, ఎక్కడో తయారైన కరెంటు పెద్ద లైన్లలోంచి సబ్‌స్టేషనుకి, అక్కణ్ణించి 11 వేల ఓల్టుల లైను మీద మన వీధి ట్రాన్స్‌ఫార్మరుకి, అక్కడ 230 ఓల్టులకి దిగి మన ఇంటికి వస్తుంది. ఎన్నో ఏళ్ళు ఇదొకటే దారి. పైనించి కిందికే. లైన్‌మన్ స్తంభమెక్కాలంటే పైనున్న స్విచ్చి తీసేస్తే చాలు, కింది కాలవంతా ఎండిపోయినట్టే.

ఇప్పుడేమయింది? చేను కూడా కాలవలోకి నీళ్ళు తోడడం మొదలెట్టింది. 2024 ఫిబ్రవరిలో కోటి ఇళ్ళ కప్పుల మీద సోలారు పెట్టించాలని కేంద్ర ప్రభుత్వం ఒక పథకం ప్రారంభించింది. మూడు కిలోవాట్ల పలకలకి 78 వేల రూపాయల సబ్సిడీ అన్నారు. పగలు మనం వాడుకోగా మిగిలిన కరెంటు మీటరు గుండా బయటికి, వీధిలోకి పోతుంది. మంచిదే. కాని లైన్‌మన్ పైన స్విచ్చి తీసినా, మీ డాబా మీద పలకలు కరెంటు తోస్తూనే వుంటే? ట్రాన్స్‌ఫార్మరుకి ఎటునించి ఎటు అన్న పట్టింపు లేదు. అటునించి వస్తే 11 వేలని దించుతుంది, ఇటునించి వెళితే 230ని మళ్ళీ 11 వేలు చేస్తుంది. చచ్చిపోయిందనుకున్న తీగ మీద చెయ్యి వేసినవాడి గతి నేను చెప్పక్కర్లేదు. తీగని భూమికి కలిపి గాని ముట్టుకోకూడదని వాళ్ళకి నియమం వుంది. వానలో, చీకట్లో, జనం "ఎంతసేపయ్యా" అని కేకలేస్తుంటే, ఆ ఒక్క నియమం మీదే ప్రాణం నిలబెట్టడం న్యాయం కాదు.

పెద్ద గ్రిడ్డు నించి తెగిపోయి, తన సొంత కరెంటుతో తను వెలుగుతూ వుండిపోయిన వీధిని ఇంజనీర్లు ద్వీపం అంటారు. మన గోదావరి వాళ్ళయితే లంక అంటారు. చుట్టూ వరద, మధ్యన వీళ్ళు. అలా లంక ఏర్పడితే, 2 సెకన్లలోపు సోలారు యంత్రాలన్నీ కరెంటు తొయ్యడం మానెయ్యాలని 2013లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన పెట్టింది. పలకల్లోంచి వచ్చే కరెంటుని మనింటి కరెంటుగా మార్చే పెట్టె ఒకటి గోడకి వేలాడుతుంది కదా, ఇన్వర్టరు, మానెయ్యవలసింది అదే. (కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద లైట్లు వెలిగించే ఇన్వర్టరు వేరు. పేరొకటే అయింది గాని పని వేరు.)

సాధారణంగా ఇది కష్టమేమీ కాదు. కరెంటు పోగానే, వీధి వాడకం ఎక్కువై పలకల ఉత్పత్తి తక్కువైతే ఓల్టేజి పడిపోతుంది. ఉత్పత్తి ఎక్కువైతే ఎగిరిపోతుంది. ఇన్వర్టరు ఆ తేడా చూసి "ఓహో, గ్రిడ్డు లేదు" అని ఆగిపోతుంది. అసలు చిక్కంతా మూడో సందర్భంలో వుంది. సరిగ్గా ఆ క్షణాన వీధి ఎంత వాడుకుంటోందో డాబాలన్నీ కలిసి అంతే తయారుచేస్తున్నాయనుకోండి. అప్పుడు గ్రిడ్డు వున్నా ఒకటే, పోయినా ఒకటే. ఓల్టేజి కదలదు. ఇన్వర్టరుకి తెలియదు. అది మోసపోతుంది.

ఇలా జరగడం అరుదు. కాని ఆ అరుదైన క్షణాన స్తంభం మీద ఎవడో ఒకడు వుంటాడు. అందుకని పరీక్షశాలలో సరిగ్గా ఆ క్షణాన్నే పనిగట్టుకుని సృష్టిస్తారు.

ఎలాగంటారా? గదిలో ముందొక దొంగ సూర్యుడుంటాడు. అంటే దీపం కాదు, కరెంటు ఇచ్చే పెద్ద బీరువా లాంటిది. ఎండలో పలకలు ఎలా ఇస్తాయో అచ్చం అలాగే ఇన్వర్టరుకి కరెంటిస్తుంది. అర్ధరాత్రి మిట్టమధ్యాహ్నం చెయ్యగలదు, నడి ఎండలో మబ్బు కమ్మించగలదు. రెండోవైపు దొంగ గ్రిడ్డు. ఇదీ ఒక బీరువాయే. 230 ఓల్టులు అడిగితే 230, 180 అడిగితే 180, 270 అడిగితే 270. మన పేటలో సాయంత్రం ఏడింటికి వచ్చే మిణుకు మిణుకు కరెంటు కావాలంటే అదీ ఇస్తుంది. మధ్యలో దొంగ ఇళ్ళు. ఇస్త్రీపెట్టె, గీజరు లాంటి వాటికి బదులు వేడెక్కే తీగల వరసలు. ఫాను మోటార్లకి బదులు రాగి చుట్టలు. వాటికి ఎదురు తూగడానికి కెపాసిటర్లు. తీగలు వేడెక్కిపోకుండా పెద్ద పెద్ద ఫాన్లు హోరుమంటూ వుంటాయి.

ఈ మూడింటినీ త్రాసులో పెట్టినట్టు సర్దుతారు. దొంగ ఇళ్ళు ఎంత తింటున్నాయో ఇన్వర్టరు అంతే వండుతోంది, గ్రిడ్డు నించి వచ్చేదీ లేదు, పోయేదీ లేదు అనేదాకా. ముల్లు సున్నా మీద నిలబడ్డాక, గ్రిడ్డు స్విచ్చి ఠక్కున తీసేస్తారు. గడియారం మొదలు. పరీక్ష నెగ్గాలంటే 2 సెకన్లలోపు ఇన్వర్టరు ఆగాలి. ఒకసారి నెగ్గితే చాలదు. దొంగ ఇళ్ళ వాడకాన్ని వందకి ఒకటి చొప్పున అటూ ఇటూ జరిపి మళ్ళీ మళ్ళీ చేస్తారు. నిండు ఎండలో చేస్తారు, సగం ఎండలో చేస్తారు, పావు ఎండలో చేస్తారు. మనం కొత్త బియ్యం ఎసరు తెలుసుకోవడానికి నాలుగు రోజులు నీళ్ళు అటూ ఇటూ చేసి చూస్తామే, అంత ఓపికా వుండాలి.

మరి ముల్లు సున్నా మీద వుంటే పాపం ఇన్వర్టరుకి ఎలా తెలుస్తుంది? అందులో ఒక చిన్న తంత్రం వుంది. నిద్రపోతున్నాడా, నటిస్తున్నాడా అని పిల్లాణ్ణి అప్పుడప్పుడు గిల్లి చూస్తాం చూడండి, అలాగే ఇన్వర్టరు గ్రిడ్డుని కొంచెం కొంచెం గిల్లుతూ వుంటుంది, మనకి తెలియనంత మెల్లిగా. అసలు గ్రిడ్డు మహా ఏనుగు, చలించదు. ఒంటరి లంక అయితే ఆ గిల్లుడుకే కదిలిపోతుంది. "అయితే నువ్వు గ్రిడ్డువి కావు" అని ఇన్వర్టరు ఆగిపోతుంది. నాకీ ఏర్పాటు భలే నచ్చింది సుమండీ.

ఇదంతా ఒక్క యంత్రానికి చేసే పరీక్ష. ఒక వీధిలో యాభై ఇళ్ళు, యాభై యంత్రాలు, పది కంపెనీలవి వుంటే? ఒకటి కుడివైపు గిల్లుతుంటే ఇంకొకటి ఎడమవైపు గిల్లుతుందేమో, రెండూ కలిసి సున్నా అయిపోతాయేమో! ఈ అనుమానం నిజంగానే ఒక దేశంలో పెద్ద తగువయింది. ఆ కథ చెప్పాలి.

పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి దీవులున్నాయి. అమెరికా వాళ్ళవి. ఏ దీవికి ఆ దీవి గ్రిడ్డు వేరు. కరెంటు ఎక్కువగా చమురు కాల్చి తయారుచేస్తారు కనక బిల్లు మండిపోయేది. ఎండకి కరువు లేదు. జనం ఎగబడి సోలారు పెట్టించుకున్నారు. 2014 నాటికి పదిళ్ళలో ఒక ఇంటికి పైగా పలకలు వచ్చేశాయి. 2013 సెప్టెంబరులో అక్కడి కరెంటు కంపెనీ గాభరా పడింది. పలకలు నిండిపోయిన వీధుల్లో ముందు మా అనుమతి తీసుకున్నాకే బిగించుకోండి అంది. పగటిపూట ఆ వీధి అతి తక్కువగా వాడే కరెంటు ఎంతో, పలకల శక్తి అందులో నూటికి 120 వంతులు దాటితే ఆపెయ్యమంది. వేలమంది దరఖాస్తులు పట్టుకుని కూచున్నారు. అప్పు తెచ్చి, పలకలు కొని, బిగించి, స్విచ్చి వెయ్యకుండా నెలల తరబడి పాత బిల్లే కడుతూ వున్నవాళ్ళూ వున్నారు.

కంపెనీ భయమేమిటంటే, మధ్యాహ్నం వీధి వాడకం కంటే పలకల ఉత్పత్తి ఎక్కువగా వుండగా లైను తెగితే, ఆ ఎక్కువ కరెంటు పోయే దారిలేక ఓల్టేజి ఒక్కసారిగా పైకెగురుతుంది. సోలారు లేని పక్కింటివాళ్ళ టీవీ, ఫ్రిజ్జు కాలిపోతాయి. పొంగే పాలమీద మూతపెట్టి బిగించినట్టన్నమాట. సోలారు అమ్మేవాళ్ళు అదేం జరగదన్నారు. ఇద్దరి దగ్గరా వాదనే గాని లెక్క లేదు.

నిజం తేల్చాలంటే ఒక వీధిలోనే చేసి చూడాలి. కాని ఆ వీధిలో వున్నవి నిజం ఫ్రిజ్జులు, ఆస్పత్రులు, ఆక్సిజన్ యంత్రం మీద బతికే ముసలివాళ్ళు. అక్కడ ప్రయోగాలు చెయ్యకూడదు. అందుకని తగువు పరీక్షశాలకి ఎక్కింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం, గోల్డెన్ అనే వూళ్ళో, అప్పట్లో నేషనల్ రెన్యూవబుల్ ఎనర్జీ లేబొరేటరీ అనే పేరుతో వున్న ప్రభుత్వ సంస్థ 2013లో ఇలాంటి పరీక్షల కోసమే ఒక పెద్ద భవనం తెరిచింది. 13 కోట్ల 50 లక్షల డాలర్లు ఖర్చు పెట్టారట. కరెంటు కంపెనీ, సోలార్‌సిటీ అనే అమ్మకపు సంస్థ, ఈ పరిశోధనశాల, ముగ్గురూ కూచుని హవాయి ఇళ్ళమీద వుండే రకం ఇన్వర్టర్లు తెచ్చి, ఉత్పత్తి ఎక్కువ, వాడకం తక్కువ పెట్టి, లైను తెంపి చూశారు.

ఓల్టేజి ఎగిరిన మాట నిజమే. కాని సెకనులో ఎంతో చిన్న వంతు మాత్రమే. అంతలోనే ఇన్వర్టరు ఆగిపోయింది. అన్నీ ఒక్కలా ప్రవర్తించలేదు, ఒక్కో కంపెనీ యంత్రానిది ఒక్కో తీరు. అదీ తెలిసింది. ఫలితం చూసి కంపెనీ 2015లో మెట్టు దిగింది. పరీక్ష నెగ్గిన రకం యంత్రాలకి హద్దు 120 నించి 250కి పెంచడానికి ఒప్పుకుంది. దరఖాస్తులు కదిలాయి. ఆ తర్వాత అదే పరిశోధనశాలలో వేరువేరు కంపెనీల ఇన్వర్టర్లు ఒకేసారి కలిపి లంక పరీక్ష కూడా చేశారు. 2016లో వచ్చిన నివేదిక ప్రకారం ఏ ప్రయోగంలోనూ 2 సెకన్లు దాటలేదు. ఎడమా కుడీ గిల్లుకుని మోసపోతాయన్న భయం అక్కడ చూసినంతవరకు తీరింది.

ఈ గదుల్లో ఇంకో విశేషం వుంది. యాభై ఇళ్ళ వీధిని గదిలో పెట్టాలంటే గది చాలదు. అందుకని ఒకటి రెండు యంత్రాలు నిజంవి పెట్టి, మిగతా వూరంతా కంప్యూటర్లో పెడతారు. ఆ స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఇళ్ళు అన్నీ లెక్కల రూపంలో వుంటాయి. కంప్యూటరు సెకనులో వేలసార్లు ఆ లెక్క కట్టి, "ఈ క్షణాన మీ వీధిలో ఓల్టేజి ఇంత" అని దొంగ గ్రిడ్డుకి చెబుతుంది. దొంగ గ్రిడ్డు నిజం ఇన్వర్టరుకి అంతే ఇస్తుంది. ఇన్వర్టరు ఏం చేసిందో మళ్ళీ కంప్యూటరుకి చేరుతుంది. పెట్టె ఒక గదిలో వున్నా, తాను ఏ విజయవాడ కాలనీలోనో వున్నాననే అనుకుంటుంది. రంగస్థలం మీద తెరకి గీసిన వూరిని చూసి మనం వూరనుకోమూ? అలాగే.

ఇంత చేసినా పరీక్షలకి అందనివి వుంటాయి. జర్మనీ వాళ్ళకి అయిన అనుభవం చూడండి. కరెంటుకి ఒక లయ వుంది, సెకనుకి 50 సార్లు. తయారీ ఎక్కువైతే లయ పెరుగుతుంది, వాడకం ఎక్కువైతే తగ్గుతుంది. జర్మనీలో చిన్న సోలారు యంత్రాలు లయ 50.2 దాటగానే ఆగిపోవాలని ఒకప్పుడు నియమం పెట్టారు. ఒక్కొక్క యంత్రం బుద్ధిగా పరీక్ష నెగ్గింది. కొన్నాళ్ళకి అవి లక్షలయ్యాయి. అప్పుడు ఎవరికో వెలిగింది, ఎండ కాస్తున్న మధ్యాహ్నం ఎప్పుడైనా లయ 50.2 తాకితే అన్నీ ఒకే క్షణాన ఆగిపోతాయి, దేశమే చీకటైపోవచ్చు అని! పెళ్ళిపందిట్లో వడ్డించేవాళ్ళంతా ఒకేసారి భోజనానికి కూచున్నట్టు. 2012లో చట్టం చేసి, సుమారు 3 లక్షల 15 వేల యంత్రాలని ఒక్కొక్కటి వెతికి సరిచెయ్యవలసి వచ్చింది. ఒక్క మనిషికి మంచి నియమం మందికి మంచిది కాకపోవచ్చునన్న సంగతి అత్తవారింట్లో వున్న మనకి తెలిసినంత ఇంజనీర్లకి అప్పుడు తెలియలేదు కాబోలు.

ఈ లయ సంగతి మనకీ తగులుతుంది. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన గ్రిడ్డు కూలితే సుమారు 62 కోట్లమంది వుండే ప్రాంతం చీకటైంది. మన దక్షిణాది గ్రిడ్డు అప్పటికి వాళ్ళతో ఒకే లయలో కలిసిలేదు కనక మన ఫాను తిరుగుతూనే వుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరు మధ్య లైనుతో కలిపారు. అప్పటినించీ దేశమంతా ఒకే లయ.

హవాయి విషయంలోనే ఇంకొక ముక్క. 2015 ఫిబ్రవరిలో ఎన్‌ఫేజ్ అనే కంపెనీ అక్కడి డాబాల మీదున్న తమ చిన్న ఇన్వర్టర్లు సుమారు 8 లక్షలకి, నిచ్చెన ఎక్కకుండా, ఇంటర్నెట్టు దారినే ఒక్కరోజులో నడవడి మార్చేసింది. లయ కొంచెం తడబడగానే కంగారుపడి ఆగిపోకుండా కాసేపు ఓర్చుకునేట్టు చేసింది. జర్మనీవాళ్ళు ఇల్లిల్లూ తిరిగితే వీళ్ళు కూచున్నచోటే ముగించారు. సౌకర్యమే. కాని ఎవరో ఎక్కడో కూచుని నా డాబా మీద యంత్రానికి ఆజ్ఞలివ్వగలిగితే, దొంగవాడూ ఇవ్వగలడు కదా అని నాకు దిగులు. పరిశోధనశాలల వాళ్ళకీ ఆ దిగులు వున్నట్టుంది. ఇప్పుడు ఇన్వర్టర్లకి, మీటర్లకి తాళం ఎంత గట్టిదో దొంగల్లా ప్రయత్నించి చూసే పరీక్షలు కూడా పెట్టారు.

మన దేశంలో ఇవి లేవనుకోకండి. బెంగుళూరులో 1960లో స్థాపించిన కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ వుంది. ట్రాన్స్‌ఫార్మర్లు, తీగలు, మీటర్లు అక్కడ పరీక్షకి వెళతాయి. దాని శాఖ ఒకటి హైదరాబాదులో ఉప్పల్ దగ్గర వుంది, చాలా ఎక్కువ ఓల్టేజి పరీక్షల కోసం. సోలారుకి ప్రత్యేకంగా ఢిల్లీ దగ్గర గురుగ్రాంలో జాతీయ సౌరశక్తి సంస్థ వుంది. మీటరు పరుగెత్తుతోందని మనం నిత్యం గొణుక్కుంటాం కదా, దానికీ కొలత వుంది. ఇళ్ళకి పెట్టే ఒకటో తరగతి మీటరు అంటే వంద యూనిట్లకి ఒక యూనిట్‌కి మించి తేడా చూపకూడదు. అయస్కాంతం దగ్గర పెట్టి, వేడిచేసి, చల్లార్చి మరీ చూస్తారు. నమూనా నెగ్గిందని మీ గోడమీద మీటరు నెగ్గినట్టు కాదు గనక, అనుమానం వస్తే పరీక్ష చెయ్యమని కరెంటాఫీసులో అడగడం మీ హక్కు.

ఇక మీరు చెయ్యవలసినవి. సోలారు పెట్టేవాడు వచ్చినప్పుడు పలకలు ఏ దేశానివి అని అడిగే బదులు ఇన్వర్టరు మీద అంటించిన చీటీ చూపించమనండి. లంక పరీక్షకి భారతీయ ప్రమాణం నంబరు 16169. భద్రతకి 16221. ఈ రెండు నంబర్లు కాయితాల్లో వున్నాయా అని చూడండి. "అదంతా వుంటుందమ్మా" అంటే వదలకండి. కరెంటు లేనప్పుడు కూడా సోలారుతో ఫాను తిరగాలంటే బ్యాటరీ వున్న రకం వేరే వస్తుంది. అది కరెంటు పోగానే మీ ఇంటిని వీధినించి పూర్తిగా విడదీసి, లోపల మాత్రమే వెలిగిస్తుంది. ఇల్లు లంక అయినా ఫరవాలేదు, వీధి కాకూడదు. ఖర్చు ఎక్కువ. కరెంటు తరచూ పోని వూళ్ళో వుంటే అక్కర్లేదని నా అభిప్రాయం.

ఏ పరీక్షశాలా పట్టుకోలేనిది మన ఎలక్ట్రీషియన్ చేతి పని. జనరేటరు అద్దెకి తెచ్చినప్పుడు, రెండువైపులా పిన్నులున్న తీగ ఒకటి తయారుచేసి గోడ ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగిస్తారు కొందరు. మెయిన్ తియ్యడం మరిచిపోతే ఆ కరెంటు తిన్నగా స్తంభం మీదకి పోతుంది. అందులో గిల్లి చూసే ఇన్వర్టరూ లేదు, 2 సెకన్ల గడియారమూ లేదు. పెళ్ళయినా, పేరంటమైనా ఆ పని మీ ఇంట్లో చెయ్యనివ్వకండి. అటూ ఇటూ మార్చే స్విచ్చి బిగించమనండి.

సోలారు బిగించిన రోజున, డబ్బు చివరి వాయిదా ఇచ్చే ముందు, మంచి ఎండలో మెయిన్ తీసి చూపించమనండి. గోడమీద ఇన్వర్టరు వెంటనే ఆగాలి. మళ్ళీ మెయిన్ వేసినా అది వెంటనే మొదలెట్టకూడదు. కనీసం ఒక నిమిషం గ్రిడ్డు నిలకడగా వుందో లేదో చూసుకుని గాని కరెంటు తోయకూడదని నియమం. గడియారం చూసుకుంటూ ఆ నిమిషం అక్కడే నిలబడండి.